గోడలో దాగే తీగ

కొత్త ఇల్లు కట్టుకునేటప్పుడు మనం ప్రతి విషయాన్నీ పదిసార్లు ఆలోచిస్తాం. గచ్చుకు తాండూరు బండలా, టైల్సా అని ఇంటిల్లిపాదీ వారం రోజులు చర్చించుకుంటాం. గుమ్మానికి టేకు వాడాలా, వేపతో సరిపెట్టుకోవచ్చా అని బంధువులను అడిగి తెలుసుకుంటాం. కరెంటు తీగ కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు వెతకడం కూడా అలవాటయింది. ఇంటర్నెట్ తీగ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ శ్రద్ధ కనిపించదు. 'నెట్ కనెక్షన్ ఇచ్చేవాళ్ళే వచ్చి వేసిపోతారులే' అని వదిలేస్తాం. వాళ్ళు వచ్చేనాటికి గోడలకు రంగులు కూడా పూర్తయి ఉంటాయి. కిటికీ పక్కన రంధ్రం చేసి, సన్నని ఫైబర్ తీగను హాల్లోకి లాగి, టీవీ పక్కన పెట్టె బిగించి వెళ్ళిపోతారు. వారి పని అంతవరకే. అక్కడి నుండి మిగిలిన గదులకు, పై అంతస్తుకు చేర్చే బాధ్యత ఇంటివారిదే. ఈ నెల ఆ సంగతి మాట్లాడుకుందాం.

వైఫై ఉండగా తీగ దేనికని చాలామంది అడుగుతారు. వైఫై రేడియో తరంగం. తలుపు, ప్లైవుడ్ అల్మారా, ఒంటి ఇటుక గోడ దానికి పెద్ద అడ్డంకి కావు. ఇనుప చువ్వలు పరచి పోసిన కాంక్రీటు స్లాబు మాత్రం పెద్ద అడ్డంకే. రాయలసీమ పాత మిద్దెల రాతి గోడలు, హైదరాబాదు పాతబస్తీలో డంగు సున్నంతో కట్టిన మందపాటి గోడలు కూడా అంతే. వేగంగా పనిచేసే 5 గిగాహెర్ట్జ్ తరంగం ఇలాంటి గోడల్లో త్వరగా బలహీనపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం కొంత మెరుగ్గా చొచ్చుకుపోతుంది గానీ, చుట్టుపక్కల ఇళ్ళవారి వైఫైలన్నీ అదే ఇరుకు దారిలో నడుస్తుంటాయి. ఫలితం మనందరికీ అనుభవమే. కువైట్‌లో ఉన్న మనవడు వీడియో కాల్ చేస్తాడు. పై గదిలో ఉన్న దాదీమాకు అతని ముఖం కనిపించి, అంతలోనే బొమ్మ నిలిచిపోతుంది. ఆమె మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగి హాల్లోకి రావాలి. ఆన్‌లైన్ పరీక్ష రాసే అమ్మాయి మెట్ల మలుపులో కుర్చీ వేసుకుని కూర్చోవాలి.

దీనికి విరుగుడుగా బజారులో రిపీటర్ అమ్ముతారు. ప్లగ్గులో పెడితే చాలు, ఇల్లంతా వైఫై అంటారు. మామూలు రిపీటర్ చేసే పని ఏమిటంటే, విన్న మాటను అదే దారిలో మళ్ళీ ఒకసారి పలకడం. ప్రతి సమాచారమూ ఒకే దారిలో రెండుసార్లు ప్రయాణించడం వల్ల వేగం సుమారు సగానికి పడిపోతుంది. ఫోనులో గీతలు నిండుగా కనిపిస్తాయి, కాల్ మాత్రం ఆగిపోతూనే ఉంటుంది. పై అంతస్తుకు ఒక్క తీగ తీసుకువెళ్ళి, దాని చివర మరొక వైఫై పెట్టె పెట్టడమే మా దృష్టిలో సరైన పరిష్కారం. వైఫైకి, తీగకు పోటీ లేదు. స్లాబును దాటించే పని తీగది, గదిలో ఫోనుకు అందించే పని వైఫైది.

ఇక ఆ తీగ సంగతి. దుకాణంలో దీన్ని లాన్ కేబుల్ అంటారు. పై తొడుగు ఒలిస్తే లోపల ఎనిమిది సన్నని తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలుగా మెలివేసి కనిపిస్తాయి. ఆ మెలికలోనే దాని శక్తి ఉంది. బయటి నుండి వచ్చే విద్యుత్ అలజడి జతలోని రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది. అవతలి చివర ఆ రెండింటి మధ్య తేడాను మాత్రమే లెక్కిస్తారు కాబట్టి అలజడి దానంతట అదే కొట్టుకుపోతుంది. టెలిఫోన్ కోసం ఈ ఉపాయానికి 1881లో పేటెంటు పొందినవాడు అలెగ్జాండర్ గ్రాహం బెల్. నేటికీ మన ఇళ్ళలో నడుస్తున్నది ఆ మెలికే.

కేబుల్ తరగతులను క్యాట్ అనే మాటతో సూచిస్తారు. క్యాట్ 5ఇ తీగ సెకనుకు 1 గిగాబిట్ వేగాన్ని 100 మీటర్ల దాకా మోస్తుంది. క్యాట్ 6 కూడా ఆ వేగాన్ని అంతే దూరం మోస్తుంది, అనుకూల పరిస్థితుల్లో 55 మీటర్ల వరకు 10 గిగాబిట్లు కూడా మోయగలదు. క్యాట్ 6ఎ అదే 10 గిగాబిట్లను 100 మీటర్ల దాకా తీసుకువెళ్తుంది గానీ, లావుగా, బిరుసుగా ఉండి మన సన్నని పైపుల్లో వంగదు. రెండంతస్తుల సాధారణ ఇంట్లో ఏ గదికైనా తీగ 30 మీటర్లు దాటడం అరుదు. కాబట్టి కొత్తగా వేసేవారు క్యాట్ 6 వేసుకుంటే చాలు. ఇంతకు ముందే క్యాట్ 5ఇ వేయించుకున్నవారు దాన్ని పీకి పారేయనవసరం లేదు. క్యాట్ 7, క్యాట్ 8 అని పెద్ద అక్షరాలు చూసి మోసపోవద్దు. క్యాట్ 8 పెద్ద పెద్ద కంప్యూటర్ కేంద్రాల్లో 30 మీటర్ల లోపు వాడకానికి ఉద్దేశించినది. ఇంటికి అంకె పెద్దదా కాదా అన్నది ముఖ్యం కాదు, లోపలి లోహం ఏమిటన్నదే ముఖ్యం.

మోసం జరిగేది కూడా ఆ లోహం దగ్గరే. బజారులో ఒకే రంగు పెట్టెలో, ఒకే క్యాట్ 6 పేరుతో రెండు రకాల తీగలు దొరుకుతాయి. ఒకటి అచ్చమైన రాగి. రెండవది అల్యూమినియం తీగకు పైన పలుచని రాగి పూత పూసినది. దీన్ని సి.సి.ఏ. అంటారు. ధర తక్కువ, చూపుకు తేడా తెలియదు. అల్యూమినియం విద్యుత్తును ప్రసరింపజేసే శక్తి రాగితో పోలిస్తే సుమారు 60 శాతమే. పైగా అది పెళుసు. రెండు మూడు సార్లు వంచితే లోపల విరుగుతుంది, పైన తొడుగు మాత్రం చెక్కుచెదరదు. కొరికిన చోట గాలి తగిలి ఆక్సైడు పొర ఏర్పడి, కొన్నాళ్ళకు కనెక్షన్ వదులవుతుంది. నెట్‌వర్క్ తీగల అంతర్జాతీయ ప్రమాణాలు రాగినే కోరుతాయి. సి.సి.ఏ. తీగ మీద క్యాట్ 6 అని అచ్చు వేయడమే అసత్యం.

గేటు దగ్గర కెమెరా పెట్టుకునేవారికి ఈ కల్తీ మరింత త్వరగా తెలిసివస్తుంది. నేటి కెమెరాలు చాలావరకు అదే లాన్ తీగ ద్వారా సుమారు 48 వోల్టుల కరెంటును కూడా తీసుకుంటాయి. పగలంతా కెమెరా బాగానే పనిచేస్తుంది. చీకటి పడగానే అందులోని పరారుణ దీపాలు వెలిగి ఎక్కువ కరెంటు కోరుతాయి. అల్యూమినియం తీగ దాన్ని అందించలేక వేడెక్కుతుంది, వోల్టేజి పడిపోతుంది, కెమెరా ఆరిపోయి మళ్ళీ మొదలవుతుంది. సరిగ్గా కాపలా అవసరమైన వేళకే అది కళ్ళు మూసుకుంటుందన్నమాట. నింద కెమెరా మీద పడుతుంది, కొత్త కెమెరా వస్తుంది, తీగ మాత్రం గోడలో అలాగే ఉంటుంది.

కొనేముందు పరీక్షించుకునే మార్గాలున్నాయి. దుకాణంలోనే చివర ఒక అంగుళం ఒలిపించి, బ్లేడుతో ఒక తీగను గట్టిగా గీకి చూడాలి. ఎంత గీకినా ఎర్రగానే ఉంటే రాగి. లోపల తెల్లగా, వెండిలా మెరిస్తే అల్యూమినియం. అయస్కాంతం పెట్టి చూస్తే చాలునని కొందరు చెబుతారు. అయస్కాంతానికి అల్యూమినియమూ అంటుకోదు, రాగీ అంటుకోదు. ఇనుముకు రాగి పూత పూసిన మరింత నాసిరకాన్ని పట్టుకోవడానికే ఆ పరీక్ష పనికివస్తుంది. బరువు మరొక గుర్తు. 23 గేజి క్యాట్ 6 పూర్తి పెట్టెలో 305 మీటర్ల తీగ ఉంటుంది. అందులో రాగి బరువే 5 కిలోలు దాటుతుంది. అల్యూమినియమైతే ఆ లోహం అందులో సగం కూడా తూగదు. రెండు పెట్టెలను చెరో చేత్తో ఎత్తితే తేడా అక్కడే తెలిసిపోతుంది. ఎలక్ట్రీషియన్ దగ్గర మీటరు ఉంటే మరీ మంచిది. ప్రమాణం ప్రకారం 100 మీటర్ల తీగలో ఒక్కో తీగ నిరోధం 9.38 ఓములకు మించరాదు. బిల్లు మీద 'అచ్చమైన రాగి' అని రాసి ఇమ్మని అడగండి. అలా రాయడానికి దుకాణదారు వెనుకాడితే మరో దుకాణానికి వెళ్ళడం మేలు.

ఒక ఇంటికి 305 మీటర్లు అవసరం కాకపోవచ్చు. హాల్లో టీవీకి ఒకటి, పిల్లలు చదువుకునే చోటుకు రెండు, పై అంతస్తులో వైఫై పెట్టెకు ఒకటి, గేటు కెమెరాకు ఒకటి అనుకుంటే, సుమారు వంద మీటర్లలో పని పూర్తవుతుంది. అదే సమయంలో ఇల్లు కట్టుకుంటున్న బంధువులెవరైనా ఉంటే ఒక పెట్టె తెచ్చి పంచుకోవచ్చు. తొడుగు మీద మీటర్ల అంకెలు వరుసగా అచ్చయి ఉంటాయి కాబట్టి లెక్కలో తగాదా రాదు. పిల్లల చదువు బల్లకు తీగ ఎక్కడికి తేవాలన్నది కూడా కాస్త ఆలోచించి నిర్ణయించుకోవాలి. పిల్లల కంప్యూటరు అందరూ తిరిగే హాల్లో ఉండాలని కోరుకునే తల్లిదండ్రులు ఆ పాయింటును హాల్లోనే పెట్టించుకుంటే, తర్వాత రోజూ చెప్పుకోవలసిన మాటలు కొన్ని తగ్గుతాయి.

ఇంత చెప్పినా, తీగ కంటే ముఖ్యమైనది ఒకటుంది. అది పైపు. తీగను నేరుగా గోడలో పాతి సిమెంటు పూయడం కంటే పెద్ద పొరపాటు లేదు. రేపు ఎలుక కొరికినా, మేకు దిగినా, కొత్త రకం తీగ వచ్చినా గోడ పగలగొట్టక తప్పదు. పైపు ఉంటే పాతది లాగేసి కొత్తది పంపడం అరగంట పని. రాగి తీగ మీద గిగాబిట్ వేగానికి ప్రమాణం 1999లో వచ్చింది, నేటికీ ఇళ్ళలో అదే నడుస్తోంది. ఈలోగా వైఫై తరాలు ఎన్నో మారాయి. పెట్టెలు నాలుగైదేళ్ళకు మారుతాయి, తీగ పాతికేళ్ళు నిలుస్తుంది, పైపు ఇల్లున్నంత కాలం ఉంటుంది. ఖర్చులో పొదుపు తప్పదనుకుంటే ఈ రోజు తీగ మానేయండి, పైపు మాత్రం మానవద్దు.

పైపు నిర్ణయం జరగవలసిన రోజు ఒకటే. అది స్లాబు పోసే ముందు రోజు. ఎలక్ట్రీషియన్ చువ్వల మీద కరెంటు పైపులు పరచేటప్పుడే నెట్ కోసం 25 మిల్లీమీటర్ల పైపులు విడిగా పరిపించాలి. గల్ఫ్‌లో ఉండి ఇక్కడ ఇల్లు కట్టిస్తున్న సోదరులు స్లాబు తేదీ తెలియగానే ఈ ఒక్క మాటను ఇంట్లో ఉన్నవారికి ఫోనులో చెప్పి, పైపులు పరిచాక ఫోటోలు తెప్పించుకోవాలి. కాంక్రీటు పోసిన తర్వాత మిగిలేది గోడ చెక్కడమే. పైపు చివరలను గుడ్డతోనో కాగితంతోనో బిగించి మూయకపోతే సిమెంటు పాలు దిగి పైపు పూడిపోతుంది. మలుపుల్లో నిటారు ఎల్బోలు కాక, నిదానంగా తిరిగే బెండ్లు వాడాలి. ఒక పెట్టె నుండి మరో పెట్టెకు మధ్య రెండు మలుపులకు మించి ఉండకూడదు. 25 మిల్లీమీటర్ల పైపులో మూడు నాలుగు తీగలు సుఖంగా పోతాయి. ఐదవది కుక్కాలని చూడవద్దు. తీగ లాగేటప్పుడు సుమారు 11 కిలోల బరువుకు మించిన బలం పెడితే లోపలి మెలికలు సాగిపోతాయి. కదలకపోతే వెనక్కి తీసి చూడాలి గాని, ఇద్దరు మనుషులు కాళ్ళు తన్ని పెట్టి లాగకూడదు.

కరెంటు పైపులోనే నెట్ తీగ కూడా పంపితే ఖర్చు కలిసివస్తుందని కొందరు పనివారు సలహా ఇస్తారు. ఈ విషయంలో మొహమాటపడకుండా వద్దని చెప్పాలి. 230 వోల్టుల తీగ తొడుగు ఎక్కడైనా చిట్లి నెట్ తీగను తాకితే, ఆ కరెంటు కంప్యూటరుకు, దాన్ని పట్టుకున్న చేతికి చేరుతుంది. ప్రాణాంతకమైన ప్రమాదం ముందు వేగం తగ్గడం లెక్కలోనిది కాదు. రెండు పైపుల మధ్య అడుగు దూరం ఉండేలా చూసుకోవాలి. ఒకదాన్నొకటి దాటక తప్పని చోట అడ్డంగా, నిలువు కోణంలో దాటించాలి. స్విచ్ బోర్డు పెట్టె కూడా వేరుగానే ఉండాలి.

కట్టి ఉన్న ఇంట్లో ఏం చేయాలి? అటక మీదుగా, మెట్ల కింద నుండి, గచ్చు అంచు పట్టీ వెంబడి దారి వెతకాలి. ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ బిగించి అందులో తీగ పెట్టి, గోడ రంగే దానికీ వేస్తే పెద్దగా కనిపించదు. ఫాల్స్ సీలింగ్ వేయించుకునే ఆలోచన ఉంటే అది మూయకముందే ఈ పని జరగాలి. బయటి గోడ మీదుగా పైకి తీసుకువెళ్ళేటప్పుడు ఇంటి లోపల వాడే తీగ పనికిరాదు. మన ఎండలకు దాని తొడుగు పెళుసై పగుళ్ళిస్తుంది. ఎండకు తట్టుకునే నల్లటి తొడుగు రకాన్ని అడిగి తీసుకుని, అది కూడా పైపులోనే పంపాలి. కోతుల బెడద ఉన్న ఊళ్ళవారికి దీని అవసరం మేము చెప్పనక్కరలేదు.

చివరలు బిగించే తీరు మీద సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. గోడలోంచి వచ్చిన తీగకు నేరుగా ప్లగ్గు కొట్టి కంప్యూటరుకు పెట్టకూడదు. అది బిరుసు తీగ, పదేపదే కదిలిస్తే విరుగుతుంది. గోడ పెట్టెలో జాక్ బిగించి, అక్కడి నుండి మెత్తని చిన్న తీగ వాడాలి. జాక్ దగ్గర మెలికలను అర అంగుళానికి మించి విప్పకూడదు. ఎక్కువమంది పాటించే వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివరలా ఒకే వరుస ఉండాలి. 'రెండువైపులా ఒకటే అయితే ఏ వరుసైనా ఫరవాలేదు' అని కొందరు జతలను పక్కపక్కనే పేర్చేస్తారు. అప్పుడు మూడు, ఆరు స్థానాలకు వేర్వేరు జతల తీగలు వచ్చి, మెలిక ఇచ్చే రక్షణ పోతుంది. దీపాలు వెలిగే చిన్న టెస్టరు ఈ తప్పును పట్టలేదు. ఎనిమిది దీపాలూ వరుసగా వెలుగుతాయి, నెట్ మాత్రం తడబడుతుంది.

ఇంట్లో ఉన్నవారే చూసుకోగల పరీక్ష వేరొకటుంది. 200, 300 మెగాబిట్ల ప్లాన్‌కు డబ్బు కడుతూ, తీగ పెట్టిన కంప్యూటరులో వేగం ఎప్పుడు చూసినా 94, 95 దగ్గరే ఆగిపోతుంటే అది యాదృచ్ఛికం కాదు. 100 మెగాబిట్ల వేగానికి రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. ఎనిమిదిలో ఒక్క తీగ సరిగా తగలకపోయినా రెండు చివర్ల యంత్రాలు చాలావరకు మౌనంగా 100కు దిగిపోతాయి. జాక్‌లు మళ్ళీ కొట్టించి చూడాలి. అప్పటికీ మారకపోతే నెట్ వారు ఇచ్చిన పెట్టెలోనో, కంప్యూటరులోనో 100 మెగాబిట్ల రంధ్రమే ఉందేమో చూడాలి. ఆ తర్వాతే కంపెనీకి ఫిర్యాదు చేయడం న్యాయం.

పక్కింట్లో ఉండే అన్నదమ్ములకు కూడా ఒకే కనెక్షన్ నుండి తీగ లాగుకునే అలవాటు మన వీధుల్లో ఉంది. కనెక్షన్ నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయో లేదో ముందు కనుక్కోవాలి. ఒప్పుకున్నా, మేడ మీద నుండి మేడ మీదకు రాగి తీగ వద్దంటాం. 2018 ఏప్రిల్‌లో ఒకే రోజు, 13 గంటల వ్యవధిలో ఆంధ్రప్రదేశ్‌లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. దగ్గరలో పిడుగు పడినా ఆ రాగి తీగలో విద్యుత్ పోటు పుట్టి రెండు ఇళ్ళ పరికరాలనూ కాల్చగలదు. రెండు ఇళ్ళ ఎర్తింగుల మధ్య తేడా కూడా అందులోకే ప్రవహిస్తుంది. ఇల్లు దాటే తీగ లోహపు తంతి లేని ఫైబర్ కావాలి. గాజుకు పిడుగు భయం లేదు. తీగ మధ్యలో మరొకరి గోడను, మేడను తాకుతూ వెళ్తుంటే ముందుగా అడిగి, వారు చూపిన దారిలోనే పంపాలి. పొరుగువారి హక్కు గురించి మన పాఠకులకు వేరే చెప్పవలసిన పని లేదు. గేటు కెమెరా చూపు వారి వాకిట్లో పడకుండా తిప్పుకోవడం కూడా ఆ హక్కులోనిదే.

నెట్ పెట్టె పెట్టే చోటు గురించి ఒక్క మాట. తీగలన్నీ వచ్చి కలిసే చోటే దానికి స్థానం. ఇంటి నడుమ, ఇన్వర్టర్ లైను ఉన్న ప్లగ్గు దగ్గర, గాలి ఆడే చోట ఉంటే కరెంటు పోయినా కాల్ ఆగదు. అందం కోసం ఇనుప పెట్టెలో మూసి పెడితే వైఫై ఆ పెట్టెలోనే ఉండిపోతుంది. ఫైబర్ అమర్చేవారు వచ్చినప్పుడు ఇంట్లో తరచుగా స్త్రీలు, వృద్ధులే ఉంటారు కాబట్టి ఆ చోటును ముందే గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంచితే వారు చూపించగలుగుతారు.

ప్లాస్టరింగుకు ముందు ప్రతి గోడనూ, పక్కన కొలత టేపు పట్టి ఫోటో తీసి, ఇంటి పత్రాలతో పాటు భద్రపరచుకోవాలి. తర్వాత ఎవరైనా అల్మారాకో, గీజరుకో మేకు కొట్టబోయినప్పుడు అవి పనికివస్తాయి. ప్రతి తీగ రెండు చివరలకూ ఒకే అంకె రాసిన చీటీ అంటించాలి. ఇక, ఇప్పటికి తీగ వేయకుండా వదిలిన పైపుల్లో ఒక్కో నైలాను తాడు పంపి, రెండు చివరలా కాస్త మిగిల్చి ముడి వేయించండి. తీగ పంపిన పైపులో కూడా తీగతో పాటు ఒక తాడు ఉంచమనండి. మేస్త్రీ నవ్వితే నవ్వనివ్వండి.